మూయని గుర్తు

మంగళవారం మధ్యాహ్నం పానకాలరావు భోజనాల బల్ల మీద రెండు కంచాలు పెట్టాడు.

గోడ అవతలి వాటాలో ఉండే చెల్లెలు శేషుకుమారి దొండకాయ వేపుడు గిన్నెతో వచ్చి, ఆ రెండో కంచం తనకే అనుకుని కుర్చీ లాక్కుంది. రెండేళ్ళుగా రోజూ అన్నకి కూర మోసుకొస్తున్న మనిషి అలా అనుకోవడంలో వింతేమీ లేదు. పానకాలరావు మాత్రం ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకు గాదు" అన్నాడు.

పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ఒక్కో మాటనీ వెతికి తెచ్చుకోవాలి. అందుకని శేషుకుమారి ఎప్పుడూ తొందరపెట్టదు. ఈసారి మాత్రం ఆగలేకపోయింది.

"మరెవరికి?"

"మీ వదినకి. వచ్చుద్దిగా."

వదిన తులసమ్మ పోయి ఐదేళ్ళయింది. శేషుకుమారికి గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అన్న వంక చూసింది. గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రెండేళ్ళలో ఆ ముఖంలో అంత తేట ఎన్నడూ చూడలేదు.

"ఎవరు చెప్పారన్నయ్యా?"

"తనే. మాటిచ్చింది." కిటికీ పక్కన పెట్టుకున్న చదువుకునే తెరపలక మీద వేలితో తట్టాడు. ఆ పలకలో ఉన్నది తులసమ్మ రాసిన వంటల పుస్తకం.

మతి పోయిందా అంటే అదీ లేదు. ఆవిడ ఎప్పుడు పోయిందని అడిగితే నెల, తిథి తడుముకుంటూ అయినా సరిగ్గానే చెప్పాడు. పోయిందని తెలుసు. వస్తుందనీ తెలుసు. ఆ రెండు సంగతులూ ఆయన తలలో, మాటల్లేని ఇరుగుపొరుగువాళ్ళలా పక్కపక్కనే కాపురం పెట్టాయి.

శేషుకుమారికి గుండెలో రాయి పడింది. ఎందుకంటే ఆ పుస్తకానికి గుర్తులు పెట్టింది తనే.

ఈ గుర్తుల గొడవేమిటో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. పానకాలరావు ముప్ఫై ఎనిమిదేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. ఆయన కంటబడకుండా ఒక్క ఒత్తు జారేది కాదు. అలాంటి మనిషికి పక్షవాతం కుడిచెయ్యి లాగేసింది, చదువూ లాగేసింది. చూపు బాగానే ఉంది, అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి, అర్థమే రాదు. పేపరు తెచ్చిస్తే కాసేపు చూసి తిరగేసి బోర్లా పెట్టేవాడు. ఆ తిరగెయ్యడం చూడలేక శేషుకుమారి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఆ రోజుల్లోనే బ్రాడీపేటలో ఒక మేడ మీద డాక్టర్ ఫర్హానా ప్రయోగశాల తెరిచింది. ముప్ఫై రెండేళ్ళ పిల్ల. నుదుటికి కట్టుకునే ఒక పట్టీ తయారుచేసింది. "అక్షరం నుంచి అర్థానికి పోయే రోడ్డు తెగిపోయింది మేడం. మనం దొడ్డిదారిన పోదాం" అంది. కన్ను ఏ వాక్యం మీద ఉందో పట్టీ కనిపెడుతుంది. ఆ వాక్యం ఎలాంటిదో, వెటకారమో, బెంగో, ఆజ్ఞో, ఆ స్పర్శని మెదడుకి ముందే అందిస్తుంది. ఆ ఆసరాతో మెదడు తనంతట తను అక్షరాలని పట్టుకుంటుంది. అయితే ఏది వెటకారమో ఏది బెంగో పట్టీకేం తెలుసు? తెలుగు క్షుణ్ణంగా తెలిసిన మనిషి ఒకరు కూర్చుని పుస్తకంలో ప్రతి వాక్యానికీ అటొక గుర్తు, ఇటొక గుర్తు పెట్టాలి. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి విసిగి ఉన్న శేషుకుమారి ఆ పనికి కుదురుకుంది. అన్న కోసమే కుదిరిందని ఎవరితోనూ అనలేదు.

ఈ పని గురించి మొదటిరోజు చెప్తే అన్న పెదవి విరిచాడు.

"అక్షరం... లావు చేస్తే... సరిపోదా?"

ప్రెస్సులో ఆయనకి తెలిసిన గుర్తులన్నీ చూపుకి సంబంధించినవి. ఇది లావుగా ఉండాలి, ఇది వాలుగా ఉండాలి, ఇది మధ్యకి జరగాలి.

"లావుగా ఉన్నోళ్ళంతా పెద్దమనుషులేనా ఏంది అన్నయ్యా? అది ఎట్టా కనబడుద్దో ఎవడిక్కావాలి, అదేందో చెప్పాలి" అంది శేషుకుమారి.

ఆయన నవ్వాడు గానీ ఒప్పుకోలేదు.

మొట్టమొదట ఏ పుస్తకానికి గుర్తులు పెట్టాలా అన్నప్పుడు, వంటల పుస్తకమైతే నోరూరుతుంది, నోరూరితే మాట తొందరగా కదులుతుంది అంది ఫర్హానా. శేషుకుమారి బీరువాలోంచి వదిన పుస్తకం తీసింది. పన్నెండేళ్ళు నోటుపుస్తకంలో రాసుకున్న వంటలూ కబుర్లూ అవి. ఆవిడ పోయాక అన్నే కూర్చుని అచ్చు వేయించాడు. అందులో వంట ఎంత ఉందో మొగుడి మీద విసుర్లు అంత ఉన్నాయి.

పానకాలరావు పట్టీ కట్టుకుని మొదటిసారి ఆ పలక ముందు కూర్చున్న రోజు శేషుకుమారి జన్మలో మరిచిపోదు. గోంగూర పచ్చడి పేజీ. ఒక వాక్యం దగ్గర కిసుక్కున నవ్వాడు. నవ్వాక ఒక నిమిషానికి పెదాలు కదిలాయి. "మా... ఆయనకి... కారం ఎక్కువైతే కళ్ళల్లో నీళ్ళు... తక్కువైతే నోట్లో మాటలు." వెటకారం ముందు తగిలింది, వెటకారం వెనకాలే అక్షరాలు నడిచొచ్చాయి. శేషుకుమారి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆయన మాత్రం పేజీ పైకీ కిందికీ చూసి, చిరాగ్గా వేలు పెట్టాడు.

"ఉప్పు... లేదు."

నిజమే. చేసే పద్ధతిలో ఉప్పు వెయ్యమని ఉంది, పైన సరుకుల చిట్టాలో ఉప్పు లేదు. సరుకుకి సరుకు గుర్తు, పనికి పని గుర్తు పెట్టబట్టి ఆ తేడా పట్టీకి తెలిసింది, పట్టీ ద్వారా ఆయనకి తగిలింది. అచ్చులో తను స్వయంగా వదిలేసిన తప్పు అది. ఫర్హానా చప్పట్లు కొడుతుంటే ఆయన సిగ్గుపడ్డాడు.

పొరపాట్లు జరగలేదని కాదు. తెరిచిన ప్రతి గుర్తునీ మూయాలి. మూయకపోతే ఆ తర్వాత ఉన్నదంతా అందులోదే అనుకుంటుంది పట్టీ. ఒకసారి శేషుకుమారి వెటకారం తెరిచి మూయడం మర్చిపోయింది. పానకాలరావు వంకాయల అధ్యాయమంతా పగలబడి నవ్వాడు, తులసమ్మ చెయ్యి కాల్చుకున్న పేరాతో సహా. ఆ తర్వాత ఫర్హానా మూయని గుర్తుల్ని పట్టుకునే తనిఖీ ఒకటి పెట్టింది. తప్పున్న చోట ఎర్రగీత వస్తుంది.

ఆ మంగళవారం రెండు కంచాలు చూశాక, శేషుకుమారి అన్నం కూడా తినకుండా ఆటో ఎక్కి ప్రయోగశాలకి వెళ్ళింది. వదిన పుస్తకం ఆఖరి పేజీ తెరిచింది. "ఇక చాలు. పొయ్యి మీద పాలు పొంగుతున్నట్టున్నాయి. వెళ్ళొస్తాను." పుస్తకం అక్కడితో అయిపోతుంది. ఆ ఆఖరి ముక్కకి అటూ ఇటూ తను పెట్టిన గుర్తు 'మాట'.

"ఇదేంటి మేడం, మాట అని పెట్టారు?" అంది ఫర్హానా భుజం మీదుగా చూస్తూ.

"వదిన అన్న మాటేగా."

"అన్నదానికి 'పలుకు' కదా మన గుర్తుల జాబితాలో. 'మాట' అంటే ఇచ్చేది. మాటివ్వడం, మాట నిలబెట్టుకోవడం, ఆ మాట."

శేషుకుమారి కళ్ళు మూసుకుంది. మొదటి వారంలో జాబితాకి వివరణ ఇంకా రాలేదు. మాట అంటే నోటి మాటే అనుకుంది. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి 'మాట' దగ్గర బోల్తా పడింది. మిగతా పుస్తకాల్లో సరిగ్గానే పెట్టింది, మొదటిదాన్ని తిరిగి చూసుకోలేదు. అన్న ఒక్కో పేజీ చదువుకుంటూ మొన్న ఆదివారం ఆఖరి పేజీకి చేరాడు. వదిన వస్తానని ప్రమాణం చేసినట్టు పట్టీ ఆయన మెదడుకి చెప్పింది. ఆయన నమ్మాడు. భార్య మాట ఎప్పుడూ తప్పలేదు మరి, నమ్మక ఏం చేస్తాడు?

"దిద్దేద్దాం" అంది ఫర్హానా. "సోమవారం ఈ పుస్తకం ఆస్పత్రిలో పక్షవాతం వార్డుకి పోవాలి. ముప్ఫై మంది చదువుతారు. ఒకసారి తాళం పడితే ఇంక మార్చలేం. 'సెలవు' గుర్తు పెట్టెయ్యండి."

శేషుకుమారి 'సెలవు' పెట్టింది. పెట్టాక, ఎందుకో, పట్టీ తీసి తన నుదుటికే కట్టుకుని ఆ పేజీ చదివింది. పాలు పొంగుతున్నట్టున్నాయి అన్న వాక్యం దాకా హాయిగానే ఉంది. తర్వాతి ముక్క మీద కన్ను పడగానే ఇల్లంతా ఖాళీ అయిపోయినట్టు తోచింది. తనకి తొమ్మిదేళ్ళప్పుడు ఆ ఇంటికి కోడలిగా వచ్చి, రోజూ జడవేసి, లెక్కలు తప్పితే మార్కుల కాగితం అన్న చూడకుండా దాచిపెట్టిన మనిషి ఇక లేదు, ఎన్నటికీ లేదు. శేషుకుమారి పట్టీ లాగేసి బల్ల మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఫర్హానా మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కనే కూర్చుంది.

"దీన్ని అన్నయ్యకెట్టా చూపించను?" అంది కాసేపటికి.

"బాబాయ్ గారి పలక ఒక్కటీ పాతదే ఉంచేద్దాం మేడం. సంతోషంగా ఉన్నారుగా. ఎవరికి నష్టం?"

ఆ మాట శేషుకుమారికి ఎంత నచ్చిందో చెప్పలేం. ఇంటికొచ్చే దారిపొడుగునా అదే తలుచుకుంది. బుధ, గురువారాలు అలాగే గడిచాయి. రెండో కంచంలో అన్నం చల్లారుతుంటే చూసీ చూడనట్టు కూర వడ్డించింది. అన్న ఈలపాట కూడా మొదలెట్టాడు.

గురువారం సాయంత్రం చేతి కసరత్తు చేయించే మల్లికార్జున ఫోన్ చేశాడు. "ఏందమ్మా, సారు మంగళవారం రాలేదు, రేపు గూడా రానంటన్నారు? ఈ నెల గనక వదిలేస్తే ఆ వేళ్ళు బిగుసుకుపోతయ్యి. ఆ తర్వాత నేను గాదు గదా ఎవరొచ్చినా కుడిచెయ్యి లేవదు."

శేషుకుమారి అన్న వాటాలోకి వచ్చి అడిగింది.

"కసరత్తుకి ఎందుకెళ్ళలా అన్నయ్యా?"

"తాళం... వేసుంటే... వచ్చి తిరిగిపోద్ది."

మంగళవారం నుంచి ఆయన గుమ్మం దాటలేదని ఆమెకి అప్పుడు తెలిసింది. సంతోషంగా ఉంటే నష్టమేమీ లేదన్న లెక్క తప్పింది. అన్న కుడిచెయ్యి కావాలా, అన్న నవ్వు కావాలా అని ఎవరో తననే నిలదీసినట్టయింది. రెండూ కావాలని ఉంది. ఆ రెండూ ఒకచోట ఉండే దారి కనపడలేదు.

శుక్రవారం పొద్దున్నే దిద్దిన పుస్తకం ఉన్న పలకా, పట్టీ తీసుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అన్నయ్యా, తప్పొకటి దొర్లింది. నాదే."

తప్పు అనగానే ఆయన వెన్ను నిటారైంది. "ఏ పేజీ?"

"ఆఖరిది."

దాచకుండా అంతా చెప్పింది. మాట అంటే పలుకు అనుకున్నానని, యంత్రం ప్రమాణం అనుకుందని, వదిన రాదని. చెప్తున్నంతసేపూ ఆయన చొక్కా గుండీ తిప్పుతూ ఉన్నాడు.

"అయితే... మాటివ్వలా?"

"ఇవ్వలా అన్నయ్యా."

చాలాసేపు రెండో కంచం వైపు చూశాడు. తర్వాత ఎడమచెయ్యి చాపాడు. "దిద్దింది... చూపించు."

"వద్దన్నయ్యా. నావల్లే కాలేదు."

"ప్రూఫ్... చూడకుండా... ఎట్టా వదిలేది?"

పట్టీ కట్టక తప్పలేదు. ఆయన చదివాడు. కళ్ళు నిండి చెంపల మీదికి జారాయి. శేషుకుమారి పట్టీ విప్పబోతే చెయ్యి పక్కకి నెట్టి మళ్ళీ చదివాడు. మూడోసారీ చదివాడు. మెల్లిగా ఆ ముఖంలో ఏడుపు పోయి చిరాకు వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ప్రెస్సులో కుర్రాళ్ళు హడిలిపోయిన చిరాకు అది.

"ఇదీ తప్పే" అన్నాడు.

"అదేంది?"

"పాలు... చూడ్డానికెళ్ళింది. పోవడానిక్కాదు." గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. "గడప కాడ... అంటారే. మాటా గాదు. సెలవూ గాదు."

శేషుకుమారి తల ఊపింది. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదా అని సిగ్గేసింది. పక్క వీధిలో కొత్తిమీరకి వెళ్ళినా వెళ్ళొస్తాననే అంటాం. పోతున్నానంటే ఇంట్లోవాళ్ళు కసురుతారు. అది ప్రమాణం కాదు, వీడ్కోలు కాదు.

"మరేంది అన్నయ్యా అది?"

"అటునించి... ఒకళ్ళంటారు. ఇటునించి... ఒకళ్ళనాలి." అక్కడ ఆగిపోయాడు. మాట దొరక్క ఆగడం వేరు, దొరికిన మాట బయటికి రాక ఆగడం వేరు. "ఆ రోజు... గుమ్మంలో... అంది. నేను... ఊఁ అన్నా."

వదిన వెళ్ళి ఇక తిరిగి రాని ఆ పొద్దున, ఆస్పత్రికి ఆవిడ వెంట ఆటోలో వెళ్ళింది శేషుకుమారే. మెట్టు మీద నిలబడి వదిన "వెళ్ళొస్తానండీ" అనడం విన్నది. అన్న క్యాలెండరు ప్రూఫుల్లో ఉన్నాడు, తలెత్తలేదు. అందులో వింతేముంది, రోజూ జరిగేదే. తను అప్పుడే మర్చిపోయింది. ఆయన ఐదేళ్ళుగా మర్చిపోలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. శేషుకుమారి ఆయన కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకుంది.

చివరికి ఆయనే లేచాడు. "తాళం... తే. ఆ డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

ఫర్హానా సంగతంతా విని నుదురు కొట్టుకుంది. "మా ఇంట్లోనూ అంతే బాబాయ్ గారూ. పోతున్నా అన్నానంటే మా నానీ, అదే అమ్మమ్మ, ఊరుకోదు, లోపలికొచ్చి మళ్ళీ సరిగ్గా చెప్పి పొమ్మంటది."

ఆ మధ్యాహ్నమంతా ముగ్గురూ కూర్చుని కొత్త గుర్తు చేశారు. దానికి పేరు 'గడప' అని పానకాలరావే పెట్టాడు. జాబితాలో మిగతా గుర్తుల్ని తెరిచేదీ మూసేదీ ఒక్క మనిషే. దీన్ని మాత్రం వెళ్ళేవాళ్ళు తెరవాలి, ఉండేవాళ్ళు మూయాలి. అలా అని పట్టీకి నేర్పి, తులసమ్మ ఆఖరి ముక్కకి గడప గుర్తు పెట్టి, ఫర్హానా తనిఖీ నడిపించింది.

ఎర్రగీత వచ్చింది. 'ఆఖరి పేజీ. తెరిచిన గుర్తు మూయలేదు.'

"మూయాలంటే జవాబు ఉండాలి. పుస్తకం అక్కడే అయిపోయిందిగా" అంది శేషుకుమారి. "వదిన రాసినదాంట్లో మనం అక్షరం చేర్చగూడదు."

"చేర్చొద్దు మేడం." ఫర్హానా మైకు జరిపింది. "ఆ చోటు చదివేవాళ్ళకి వదిలేద్దాం. ఇంట్లో ఉండేది వాళ్ళేగా. వాళ్ళు నోటితో అంటే గుర్తు మూసుకుంటది."

శేషుకుమారి అన్నకి పట్టీ కట్టింది. ఆయన ఆఖరి పేజీ మొదటినుంచీ చదివాడు. పాలు పొంగుతున్న చోట చిన్నగా నవ్వాడు. తర్వాతి ముక్క దగ్గర పెదాలు కదిలాయి, మూసుకున్నాయి, మళ్ళీ కదిలాయి. ఎవరూ తొందరపెట్టలేదు.

"వె... వెళ్ళిరా" అన్నాడు. సరిపోలేదనిపించిందేమో, గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "వెళ్ళిరా తులసీ."

ఎర్రగీత పోయింది. తనిఖీ శుభ్రంగా ఉంది. పానకాలరావు పట్టీ తనే విప్పుకుని, చొక్కా అంచుతో ముఖం తుడుచుకుని, ప్రూఫు ముగించిన ప్రతిసారీ అడిగే మాటే అడిగాడు.

"ఇంకేమన్నా... తప్పులున్నాయా?"

"లేవు బాబాయ్ గారూ."

సోమవారం పుస్తకానికి తాళం పడి వార్డుకి వెళ్ళింది. పేజీలన్నీ చదవడానికి వాళ్ళకి నెలలు పడతాయని ఫర్హానా అంచనా. కానీ కొందరు పేకముక్కలు తిరగేసినట్టు ముందు ఆఖరి పేజీయే తిరగేశారు. నాలుగు నెలలుగా నోరు విప్పని పెదకాకాని ముసలమ్మ ఒకావిడ "ఎల్లిరామ్మా" అంది. ఆవిడ కూతురు మంచం పట్టె మీద కూలబడి ఏడ్చింది. పక్క మంచం మీది ఆటో డ్రైవరు "ఎల్లు ఎల్లు... పాలు పొంగిపోతన్నయ్యి" అన్నాడు. అలా అన్నా గుర్తు మూసుకుంది.

మర్నాడు మంగళవారం. శేషుకుమారి బీరకాయ పచ్చడి నూరుతూ ఉప్పు సరిపోయిందో లేదో వేలితో నాలిక మీద వేసుకుంది. గోడ అవతల తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే అన్న ఇస్త్రీ చొక్కాతో, కసరత్తు సంచి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. వెనక ఆయన కిటికీలోంచి బల్ల మీద ఒకే కంచం బోర్లించి కనిపించింది. తాళం కప్పని కుడిచేతిలో ఇరికించుకుని, ఎడమచేత్తో తాళంచెవి తిప్పుతున్నాడు. కుడిచేతి వేళ్ళు వణికాయి గానీ తాళం జారలేదు.

"శేషూ, వెళ్ళొస్తా" అని కేకేశాడు.

నోట్లో పచ్చడి ఉంది. "ఊఁ" అంది శేషుకుమారి.

అన్నాక గబుక్కున మింగేసి, కారం నషాళానికంటి కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, పచ్చడి చేత్తోనే గుమ్మంలోకి పరిగెత్తింది.

"వెళ్ళిరా అన్నయ్యా!"

ఆయన గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, విన్నానన్నట్టు తలూపి వెళ్ళాడు.